మెత్తదనానికి మోసపోకుండా క్యాష్మీర్ స్వెటర్ ఎంచుకోవడం ఎలా

బెంగళూరు చలి నిజానికి పెద్ద చలేమీ కాదు. నగరం సముద్రమట్టానికి సుమారు 920 మీటర్ల ఎత్తున ఉన్నందువల్ల డిసెంబరు, జనవరి నెలల్లో తెల్లవారుజామున 15, 16 డిగ్రీల దాకా దిగుతుంది. ఇక్కడ నమోదైన అతి తక్కువ ఉష్ణోగ్రత 7.8 డిగ్రీలు, అదీ ఎప్పుడో 1884 జనవరిలో. కాబట్టి ఈ ఊళ్లో క్యాష్మీర్, అంటే మెత్తని మేక ఉన్నితో అల్లిన స్వెటర్ కోసం దుకాణాలు తిరిగే మనవాళ్లు సాధారణంగా రెండు రకాలుగా ఉంటారు: పొద్దున్నే స్కూటరు మీద వెళ్లి రోజంతా ఏసీ ఆఫీసులో కూర్చునేవారు ఒకరు, మనవళ్లను చూడటానికి న్యూజెర్సీకో షికాగోకో ప్రయాణం పెట్టుకున్న అమ్మానాన్నలు ఇంకొకరు. ఇద్దరి అవసరమూ ఒకటి కాదు. అందుకే దుకాణం మెట్లెక్కే ముందే మీకు కావలసింది పలుచనిదా, మందపుదా అన్నది తేల్చుకోవాలి.

అల్లిక ఎంత సన్నదో చెప్పడానికి ‘గేజ్’ అనే మాట వాడతారు. అల్లే యంత్రం మీద అంగుళానికి ఎన్ని సూదులు ఉన్నాయో అదే గేజ్. 12 గేజ్ అల్లిక పలుచగా, చొక్కా మీద వేసుకుని పైన కోటు తొడుక్కోవడానికి వీలుగా ఉంటుంది. 7 గేజ్ అంటే చూడగానే కన్నులు, అంటే అల్లికలోని దారపు వలయాలు, కనిపించే మందపు అల్లిక. బెంగళూరులో మందపుది కొంటే ఏడాదికి పది రోజులు కూడా వేసుకోలేరు. విదేశానికి వెళ్లేవారు సైతం మందపు స్వెటర్ కోసం తాపత్రయపడనక్కర్లేదని నా అభిప్రాయం, ఎందుకంటే అక్కడి ఇళ్లు, బస్సులు, దుకాణాలు లోపల వెచ్చగానే ఉంటాయి, బయట మంచులో కాపాడేది ఎలాగూ పైన వేసుకునే కోటే. పలుచని, బిగువైన అల్లిక ఉన్న రెండు పేటల దారపు స్వెటర్ రెండు చోట్లా పనికి వస్తుంది.

ఇక అసలు సరుకు సంగతి. క్యాష్మీర్ అనే పేరు కశ్మీరు నుంచే పుట్టినా, ఆ పేరుతో అమ్ముడయ్యే స్వెటర్లలో ఎక్కువ భాగానికి ముడి ఉన్ని వచ్చేది చైనా, మంగోలియాల నుంచి. మన దేశంలో లద్దాఖ్‌లోని చాంగ్‌తాంగ్ ప్రాంతంలో, 4,000 మీటర్లకు పైబడిన ఎత్తులో మేసే చాంగ్‌తాంగీ మేకల నుంచి వచ్చే అతి సన్నని రకాన్ని పష్మీనా అంటారు. విపరీతమైన చలిని తట్టుకోవడానికి మేకకు పైనున్న ముతక వెంట్రుకల కింద ఒక మెత్తని లోపొర పెరుగుతుంది. ఎండాకాలం రాబోతుండగా అది దానంతట అదే ఊడడం మొదలుపెట్టినప్పుడు దువ్వెనతో దువ్వి తీస్తారు. ముతక వెంట్రుకలు ఏరివేయగా ఒక మేక నుంచి ఏడాదికి మిగిలేది మామూలుగా 200 గ్రాముల లోపే. ఒక పలుచని స్వెటరే 200 నుంచి 250 గ్రాముల బరువుంటుంది, వడకడంలోనూ అల్లడంలోనూ కొంత ఉన్ని వృథా అవుతుంది. ఈ లెక్క మనసులో ఉంచుకుంటే, ఎగ్జిబిషన్‌లో ‘వంద శాతం క్యాష్మీర్’ అంటూ పన్నెండు వందల రూపాయలకు ఇస్తామనే వాళ్లతో వాదించవలసిన పనే ఉండదు.

మొదట లోపలి చీటీ చదవాలి. మన అమ్మలు, పిన్నులు ఊలు దుకాణంలో కొనుక్కుని ఇంట్లో స్వెటర్లు అల్లిన రోజుల్లో ‘కాష్మిలాన్’ అనే మాట ఇంటింటా వినిపించేది. అది ఒక జపాన్ కంపెనీ ఆక్రిలిక్ అనే కృత్రిమ నూలుకు పెట్టుకున్న పేరు. దానికీ మేకకూ ఏ సంబంధమూ లేదు. ఇప్పటికీ ఆ ధ్వనిని వాడుకునే పేర్లు చాలా ఉన్నాయి. ‘క్యాష్మీర్ టచ్’, ‘క్యాష్మీర్ ఫీల్’, ‘క్యాష్మీర్ లైక్’ అని రాసి ఉంటే అది క్యాష్మీర్ కాదని ఆ కంపెనీయే ఒప్పుకున్నట్లు లెక్క. ‘క్యాష్‌వూల్’ అని కనిపిస్తే అది ఇటలీ నూలు మిల్లు ఒకటి తన సన్నని మెరీనో గొర్రె ఉన్నికి పెట్టుకున్న పేరు. మంచి నూలే, కానీ క్యాష్మీర్ కాదు. ‘బ్లెండ్’ అన్న మాట ఉంటే శాతం ఎంతో వెతకండి. అయిదు శాతం కలిపినా, యాభై శాతం కలిపినా బ్లెండే. మెరీనో ఉన్నితోనో, పట్టుతోనో కలిపినది తీసిపారేయదగింది కాదు, నిజానికి రోజూ వేసుకునేవారికి అదే ఎక్కువ కాలం మన్నవచ్చు. ఆక్రిలిక్‌తోనో, విస్కోస్‌తోనో కలిపి క్యాష్మీర్ ధర చెప్పేదాన్ని మాత్రం వదిలేయండి.

అమెరికా చట్టం ప్రకారం క్యాష్మీర్ అని రాయాలంటే పోగుల సగటు మందం 19 మైక్రాన్లకు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) మించకూడదు, 30 మైక్రాన్లు దాటిన ముతక పోగులు బరువులో 3 శాతానికి మించకూడదు. ఇక్కడ ‘కశ్మీర్ పష్మీనా’కు 2008లో భౌగోళిక సూచిక (ఫలానా ప్రాంతపు సరుకని చెప్పే ముద్ర) గుర్తింపు లభించింది, అయితే అది చేత్తో వడికి మగ్గం మీద నేసిన వస్త్రానికి, అంటే ప్రధానంగా శాలువాలకు సంబంధించినది. కాబట్టి యంత్రం మీద అల్లిన స్వెటర్‌ను చూపించి ఎవరైనా ఆ గుర్తింపు గురించి చెబితే, ఆ మనిషికి తెలియక చెబుతున్నాడో తెలిసి చెబుతున్నాడో ఆలోచించుకోవాలి. షాతూష్ అన్న మాట ఎక్కడైనా వినబడితే మాత్రం తక్షణం బయటికి నడవండి. అది టిబెట్ జింకను చంపి తీసే ఉన్ని, వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద దాని అమ్మకం నేరం.

ఇప్పుడు చేతికి పని చెప్పవలసిన ఘట్టం. స్వెటర్ పట్టుకోగానే అందరమూ చేసేది ఒకటే, చెంపకు ఆనించుకుని ‘అబ్బ, వెన్నలా ఉంది’ అనుకోవడం. అమ్మేవారికి ఆ సంగతి మనకంటే బాగా తెలుసు. అల్లిన తరువాత స్వెటర్‌ను నీళ్లలో ఎక్కువసేపు తిప్పి, పై నూగు లేచేలా చేసి, మెత్తదనం పెంచే రసాయనాలు పట్టిస్తే పొట్టి పోగులతో చేసిన నాసి సరుకు కూడా దుకాణంలో వెన్నలాగే ఉంటుంది. నాలుగేళ్ల కిందట నేను ఒక ఎగ్జిబిషన్‌లో అలాంటి బూడిదరంగు కార్డిగన్ (ముందు బొత్తాములుండే స్వెటర్) ఒకటి తీసుకున్నాను. మూడో వారానికి చంకల దగ్గర, లాప్‌టాప్ సంచి పట్టీ రాసుకునే భుజం మీద బఠాణీ గింజలంత ఉండలు కట్టి, అది పదేళ్లు వాడిన గొంగళిలా తయారైంది. దుకాణంలో ఎంతగా మురిపించిందో ఇంట్లో అంతగా ఏడిపించింది. మంచి క్యాష్మీర్ కొత్తలో కొంచెం బిగువుగా, కాస్త పొడిగా కూడా అనిపించవచ్చు. రెండు మూడు ఉతుకుల తరువాతే దాని మెత్తదనం నెమ్మదిగా బయటపడుతుంది. కాబట్టి మరీ నూగుగా, జారిపోతున్నట్లుగా ఉన్న మెత్తదనాన్ని అనుమానించడమే మంచిది.

అయితే దేన్ని నమ్మాలి? ముందుగా, అరచేతిని స్వెటర్ ఛాతీ భాగం మీద ఆనించి పది పదిహేను సార్లు గట్టిగా రుద్దండి. పోగులు ఊడి చేతికి అంటుకున్నా, సన్నని నూలు చుట్టలు లేచినా, పోగులు పొట్టివని, దారానికి పురి చాలలేదని అర్థం. తరువాత కింది అంచు పట్టీని రెండు చేతులతో పట్టుకుని అడ్డంగా సాగదీసి వదిలేయండి. రబ్బరులా ఠక్కున వెనక్కి రావాలి. సోమరిగా, సగం దాకా వచ్చి ఆగిపోతే ఆ పట్టీ నెల రోజుల్లో గంటలా వెడల్పై వేలాడుతుంది. మణికట్టు పట్టీలకూ ఇదే పరీక్ష పెట్టాలి, ఎందుకంటే ముఖం కడుక్కునేటప్పుడు, గిన్నె కడిగేటప్పుడు మనం రోజూ వాటినే పైకి లాగుతుంటాం. ఆ తరువాత స్వెటర్‌ను ట్యూబ్‌లైటు వెలుగుకు అడ్డంగా పట్టి చూడండి. పలుచని అల్లికలోనూ కన్నులు ఒకే వరుసలో, ఒకే బిగువుతో ఉండాలి. ఒకచోట దట్టంగా, మరోచోట జల్లెడలా వెలుగు దిగుతుంటే ఉన్ని పొదుపు చేశారని గ్రహించాలి.

పేటల సంగతి కూడా అడిగి తెలుసుకోవాలి. ఒంటి పేట దారంతో అల్లినది తేలికగా ఉంటుంది కానీ తొందరగా చిరుగు పడుతుంది, పైగా ఉతికాక పక్క కుట్లు ఒక వైపుకు మెలి తిరుగుతాయి. రెండు పేటలను కలిపి పురి పెట్టిన దారం కనీస అర్హత. నాలుగు పేటలంటే రెట్టింపు నాణ్యత అని అమ్మేవారు చెప్పే మాట సరి కాదు, అది మందం గురించి చెప్పే అంకె మాత్రమే. మంచి స్వెటర్లకు లోపలి కుట్టు దగ్గర చిన్న సంచిలో ఒక అదనపు బొత్తాము, కొంత దారం పెట్టి ఇస్తారు. దాన్ని పారేయకండి. ఆ దారపు కొసను పురికి ఎదురు దిశలో తిప్పితే పేటలు విడిపోయి లెక్కకు వస్తాయి. ఒక్క పోగును మెల్లగా లాగి స్కేలు పక్కన పెట్టి చూడండి: 36 మిల్లీమీటర్లకు, అంటే ఇంచుమించు అంగుళంన్నరకు దగ్గరగా ఉంటే మేలైన ఉన్ని, వేలి గోరు పొడవుకే తెగిపోతుంటే ఆ స్వెటర్ ఉండలు కట్టడం ఖాయం.

ఈ దారంతో ఇంకొక పరీక్ష కూడా చేయవచ్చు, కానీ అది చెప్పేది తక్కువ, జనం ఊహించేది ఎక్కువ. చిన్న ముక్కను స్టీలు పళ్లెంలో పెట్టి అంటిస్తే, వెంట్రుక కాలిన కంపు వచ్చి బూడిద వేళ్ల మధ్య పొడిగా నలిగిపోతే అది జంతువు ఉన్ని. కరిగి గట్టి పూసలా మారితే ఆక్రిలిక్ లాంటి కృత్రిమ నూలు. గొర్రె ఉన్నికీ మేక ఉన్నికీ తేడాను మాత్రం నిప్పు చెప్పలేదు, రెండూ ఒకేలా కాలతాయి. ఆ తేడా తేల్చాలంటే పోగు మీది పొలుసులను సూక్ష్మదర్శినిలో చూడవలసిందే. ఉంగరంలోంచి శాలువా దూర్చి చూపించే విన్యాసం కూడా అంతే. పలుచని పట్టూ దూరుతుంది, విస్కోసూ దూరుతుంది.

నూలు తరువాత కుట్టుపని. స్వెటర్‌ను తిరగేసి చంక దగ్గర చూడండి. భాగాలను విడివిడిగా, కావలసిన ఆకారానికే అల్లి కలిపినట్లయితే, చంక గుండ్రం వెంట కన్నులు తగ్గించిన చోట చిన్న చిన్న గుర్తులు ఒక వరుసగా కనిపిస్తాయి, లోపలి అతుకు సన్నగా, చదునుగా ఉంటుంది. పెద్ద అల్లిక బట్టను కత్తిరించి ఓవర్‌లాక్ చేసినట్లయితే టీషర్టు లోపలి భాగంలా లావుపాటి అంచు తగులుతుంది. రెండోది ఆక్రిలిక్‌కు తప్పు కాదు, క్యాష్మీర్ ధర పెట్టినప్పుడు తప్పే. మెడపట్టీ కలిసే చోట కన్నుకు కన్ను పట్టించి ఉండాలి. సాగదీసినప్పుడు దారం టిక్కుమని చప్పుడు చేసినా, కుట్టు దారం తెల్లగా బయటపడినా తిరిగి పెట్టెయ్యండి. కార్డిగన్ అయితే బొత్తాముల పట్టీ వెనుక సన్నని రిబ్బను గుడ్డ వేసి కుట్టారా లేదా అన్నది ఒక్క క్షణం చూస్తే చాలు.

అమరిక విషయంలో మాత్రం తొందర పనికిరాదు. క్యాష్మీర్ స్వెటర్ కొనేవారు చేసే తప్పుల్లో సగం ఇక్కడే జరుగుతాయని నా అనుభవం. ఉన్ని ఎంత మేలైనదైనా, ఒంటికి అతుక్కుపోయి రాసుకుంటూ ఉంటే ఉండలు కడుతుంది, వదులుగా వేలాడితే వెచ్చదనం నిలవదు. మొట్టమొదట భుజం చూడండి. భుజం కుట్టు సరిగ్గా భుజం ఎముక అంచున కూర్చోవాలి; అరచేతి వెడల్పంత కిందికి జారే డ్రాప్ షోల్డర్ నమూనా వేరు, పెద్ద సైజు వల్ల జారిపోవడం వేరు. రెండో దానిలో చంక దగ్గర బట్ట కుప్ప పడుతుంది. ఛాతీకి, టేపుతో మీ కొలత తీసుకుని, చొక్కా మీద వేసుకునే పలుచని స్వెటర్‌కు దానికంటే 6 నుంచి 8 సెంటీమీటర్లు, లోపల మరో పొర వేసుకునేవారు 10 నుంచి 12 సెంటీమీటర్లు ఎక్కువ ఉండేలా చూసుకోవాలి. స్వెటర్ కొలత తీసేటప్పుడు దాన్ని బల్ల మీద సాగదీయకుండా పరిచి, ఒక చంక నుంచి మరో చంక దాకా కొలిచి రెండుతో హెచ్చించాలి.

చేతులు మణికట్టు ఎముక దాటి ఒక వేలు వెడల్పు మాత్రమే రావాలి. అద్దం ముందు బొమ్మలా నిలబడితే ఏ స్వెటరైనా బాగానే ఉంటుంది కాబట్టి, ట్రయల్ గదిలో రెండు చేతులూ పైకెత్తండి, ముందుకు చాచి స్కూటరు హ్యాండిల్ పట్టుకున్నట్లు ఉంచండి, కుర్చీ ఉంటే కూర్చోండి. చేతులెత్తినప్పుడు కింది అంచు బొడ్డు దాకా లేచిపోతే పొడవు చాలదు. చేతులు చాచినప్పుడు వీపు అడ్డంగా బిగిస్తే ఛాతీ సరిపోయినా భుజాల వెడల్పు సరిపోలేదని అర్థం. మగవారికి కింది అంచు ప్యాంటు బెల్టు కింద నాలుగు వేళ్ల దాకా వస్తే చాలు. మెడ విషయంలో, కాలరు చొక్కా వేసుకునేవారికి వి ఆకారపు మెడ, టీషర్టు వేసుకునేవారికి గుండ్రని మెడ నప్పుతాయి. మెడ నిండా మూసుకునే టర్టిల్‌నెక్ మాత్రం ఈ ఊరి ట్రాఫిక్‌లో గంట సేపు కూర్చునేవారికి శిక్షే.

చీర మీద వేసుకునే కార్డిగన్‌కు వేరే లెక్క ఉంది, దాన్ని దుకాణాల్లోని అమ్మాయిలు పెద్దగా పట్టించుకోరు. మోచేతి దాకా ఉండే జాకెట్టు చేతులు స్వెటర్ చేతిలో మడత పడకుండా పట్టాలి, భుజం మీద పిన్ను పెట్టిన పమిట కుచ్చెళ్లకు చోటు ఉండాలి, అందుకే చీర, జాకెట్టుతోనే వెళ్లి తొడుక్కుని చూడాలి. పమిట మీదుగా బొత్తాములు పెట్టుకున్నప్పుడు ఛాతీ దగ్గర నోరు తెరవకూడదు. పొడవు నడుము కింద కొద్దిగా దాకా ఉంటే సరిపోతుంది, తొడల దాకా ఉంటే చీర కుచ్చెళ్ల మీద ఉబ్బినట్లు కనిపిస్తుంది. పిన్నీసు గుచ్చకుండా ఉండటం మరీ ముఖ్యం. పమిట పిన్ను స్వెటర్ లోపలి వైపు తగులుకుంటే కన్ను లాగేసి గీత పడుతుంది. మంగళసూత్రం, పొడవాటి గొలుసు కొక్కేలు కూడా అంతే, మగవారికి ఆఫీసు ఐడీ కార్డు క్లిప్పు కూడా అంతే.

సైజు చీటీ మీది అక్షరాన్ని నమ్మకండి. యూరప్ కంపెనీ ‘ఎం’, లుధియానా తయారీ ‘ఎం’ ఒకటి కావు. ఆన్‌లైన్‌లో కొంటుంటే మీ ఒంటికి ఇప్పటికే బాగా సరిపోయే స్వెటర్ ఒకటి పరిచి ఛాతీ, భుజం, చేయి, పొడవు కొలతలు కాగితం మీద రాసుకుని, అమ్మేవారు ఇచ్చిన కొలతలతో సరిచూడాలి. కొలతలు ఇవ్వకుండా చిన్నది, పెద్దది అని మాత్రమే చెప్పేవారి దగ్గర కొనకపోవడమే మంచిది.

ఎక్కడ కొనాలన్నది ఎవరికి వారు తేల్చుకోవలసినది. కమర్షియల్ స్ట్రీట్, జయనగర్ నాలుగో బ్లాక్, పెద్ద మాల్స్, చలికాలపు ఎగ్జిబిషన్లు అన్నిచోట్లా మంచీ చెడూ ఉన్నాయి. చిక్‌పేటలో తెలుగులో బేరమాడవచ్చు కాబట్టి ప్రశ్నలు వేయడం సులువు, అంత మాత్రాన జవాబులన్నీ నిజమని కాదు. చలికాలంలో ఊరూరా దుకాణాలు పెట్టే టిబెటన్లు అమ్మేవి ఎక్కువగా లుధియానా నుంచి వచ్చే స్వెటర్లు. వాటిలో చాలావాటిని క్యాష్మీర్ అని ఎవరూ చెప్పరు, చెప్పిన ధరకు అవి సరైన సరుకే. ఎక్కడ కొన్నా ‘100 శాతం క్యాష్మీర్’ అన్న మాట బిల్లు మీద రాయించుకోండి. నోటితో ధైర్యంగా చెప్పిన మనిషి పెన్ను తీయడానికి వెనుకాడితే మీకు కావలసిన జవాబు దొరికినట్లే. మార్చుకునే గడువు ఎన్ని రోజులో కూడా అడిగి, ఆ లోపే ఇంట్లో రెండు మూడు గంటలు తొడుక్కుని తిరిగి చూడండి. తొలి రోజుల్లో చంకల దగ్గర కొద్దిగా నూగు ఉండలు రావడం మంచి సరుకులోనూ సహజమే, చిన్న దువ్వెనతో తీసేస్తే తరువాత తగ్గుతాయి; మొదటి రోజే ఛాతీ అంతా ఉండలు కడితే మాత్రం తిరిగి ఇచ్చేయాలి.

రంగు గురించి ఒక్క మాట. తెల్ల మేక ఉన్ని లేత రంగులు తేలికగా పట్టుకుంటుంది. ముదురు ఉన్నిని తెల్లబరిచి లేత రంగు వేస్తే పోగు బలహీనపడుతుంది. కనుక లేత గులాబీ, పాల రంగు స్వెటర్లను ముదురు రంగువాటికంటే మరింత జాగ్రత్తగా రుద్ది చూడాలి.

ఉతకడం తెలియకుండా కొనడం అనవసరం. మామూలు బట్టల పౌడర్లలో మరకల కోసం కలిపే ఎంజైములు మాంసకృత్తులను కరిగిస్తాయి, ఉన్ని కూడా మాంసకృత్తే కాబట్టి మరకతో పాటు స్వెటర్‌నూ తింటాయి. మన కుంకుడుకాయ రసం ముదురు రంగు స్వెటర్లకు చక్కగా పనిచేస్తుంది. లేత రంగులకు మాత్రం దాని గోధుమ ఛాయ అంటవచ్చు కనుక ఉన్ని కోసమే చేసిన ద్రవం వాడాలి. నీళ్లు చల్లగా ఉండాలి, పిండకూడదు, తువ్వాలులో చుట్టి నొక్కి నీరు తీయాలి. బెంగళూరు వానాకాలపు తేమలో బీరువాలో దాచేముందు తప్పకుండా ఉతికి పూర్తిగా ఆరనివ్వాలి, ఎందుకంటే చిమ్మట పురుగులు చెమట, కూర మరకలు ఉన్న చోటనే ముందుగా కొరుకుతాయి. కలరా ఉండలు వేసేవారు వాటిని గుడ్డలో మూటకట్టి స్వెటర్‌కు తగలకుండా పెట్టాలి.

తీగ మీద ఆరవేస్తే తడి బరువుకు చేతులు మోకాళ్ల దాకా సాగుతాయి కాబట్టి, కొత్త స్వెటర్‌ను మొదటిసారి తడిపే ముందే ఒక పెద్ద కాగితం మీద పరిచి చుట్టూ పెన్సిలుతో గీత గీసి ఆ కాగితాన్ని దాచుకోండి. ప్రతిసారీ నీడలో తువ్వాలు మీద ఆరబెట్టేటప్పుడు ఆ కాగితం పక్కన పెట్టుకుని, భుజాలు, చేతులు, కింది అంచు మొదట ఉన్న కొలతకు వచ్చేలా తడిగా ఉన్నప్పుడే చేత్తో మెల్లగా సర్దండి.